నంబరు పొట్టవైపు

కొండ మీద క్యాంపు,
ఆదివారం

అక్కకి,

చేరాను. బతికే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ బావకి చదివి వినిపించు. మూడో ముక్క నుంచి ఆయనకి అక్కర్లేదు.

మూడో ముక్క: నా కోపం ఇంకా తగ్గలేదు. మీ ప్రెస్సులో నాలుగేళ్ళు సీసపు అక్షరాలు ఏరి కూర్చాను. సబ్బు లేబుళ్ళు, పెళ్ళి కార్డులు, సంఘాల కరపత్రాలు, పళ్ళపొడి గుణగణాలు, ఎవడేం రాసుకొచ్చినా అచ్చు వేశాం. సొంత బావమరిది రాసిన కరపత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రెస్సుకి ఎక్కడలేని తీరిక లేకుండా పోయింది! 'పెంకు కింద నిప్పు' అన్న పేరు ఒక్కటి చాలదా? మన కాళ్ళ కింద నేల గుడ్డు పెంకంత పలచన. దాని కిందంతా కరిగిన నిప్పు సముద్రం. పైన మేడలు కట్టుకుని గుర్రుపెడుతున్న పెద్దమనుషులకి ఆ సంగతి తెలియదు. ఇంతకన్నా నిజం ఎవడు చెప్పాడు? పోనీ నేను కల్పించానా అంటే అదీ కాదు. ఒక విజ్ఞాన కరపత్రంలో ఉన్నదే. నా చేత్తో కూర్చిన అక్షరాలే.

సరే, ఇక్కడి సంగతి. ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగట. ఏదో కాలంలో నేలంతా ఒత్తుకుని, ఆ అడుగు పైకి లేచి, ఇలా కొండై కూర్చుందట. అందుకని వేరే చోట మైళ్ళ లోతున ఉండే రాయి ఇక్కడ మన మరకి అందేంత పైన ఉంది. మర నేలలోకి గొట్టం దింపి, నా ముంజేయంత లావున రాతి కడ్డీలు పైకి తీస్తుంది. వాటిని కడిగి, వరస తప్పకుండా చెక్కపెట్టెల్లో పేర్చి, ఏ వైపు కిందిదో ప్రతి ముక్క మీదా బాణం గీయాలి. అదీ నా ఉద్యోగం.

పని నేర్పేది పెట్టెల తాత. ఆయన పాఠమంతా రెండే మాటలు. "నంబరు వేసిన అంచు నీ పొట్టకి తగలాలిరా అబ్బాయ్. మొదటి ముక్క ఎడమచేతి పై మూల. ఆపైన పుస్తకం చదివినట్టు పోతూ ఉండు." ఇది నేర్చుకోవడానికి నాకు ఒక పూట చాలు. ఆయన వారం నేర్పుతానంటున్నాడు.

అన్నిటికీ పెద్ద ఒక మేడం. అందరం పెద్దమేడం అంటాం. ఆవిడ వెతుకుతున్నది ఒక అతుకు. పైన నల్లచుక్కల తెల్లరాయి, కింద ముదురాకుపచ్చ రాయి, రెండూ కలిసే చోటు. వానలు పడేలోపు అది దొరికితే పని సాగుతుంది. దొరక్కపోతే క్యాంపు ఎత్తేస్తారు, అందరం ఇళ్ళకి. నేను మాత్రం ఇంటికి రాను, గుర్తుంచుకో.

నీ తమ్ముడు


ప్రెస్సు, మేడ మీద గది,
గురువారం

ఒరేయ్ అగ్గిపుల్లా,

రెండు ముక్కలూ మీ బావకి వినిపించాను. మిగతావి ఆయనే వెనక నుంచి తొంగిచూసి చదివేసుకున్నాడు. "మనవాడు అక్షరాలకి బదులు రాళ్ళు పేరుస్తున్నాడన్నమాట" అని నవ్వాడు. నువ్వు వెళ్ళినప్పటి నుంచి కంపోజింగు ఆయనే చేస్తున్నాడు. నిన్న పళ్ళపొడి ప్రకటనలో 'పళ్ళు ఊడవు' అని ఉండాల్సింది 'పళ్ళు ఊడును' అని వచ్చింది. ప్రూఫులో నేను పట్టుకోబట్టి సరిపోయింది.

నీ కరపత్రం రాతప్రతి నా బల్ల సొరుగులో భద్రంగా ఉంది. ఒక్క మాట అడుగుతాను, అరవకు. ఆ నిప్పు సముద్రం సంగతి అక్కడ ఎవరినైనా అడిగావా? నేల లోపలి నుంచి రాళ్ళు తీసేవాళ్ళ మధ్యనే ఉన్నావు కదా. అడగడానికి ఖర్చేముంది?

ఉన్ని చొక్కా పంపుతున్నాను. కొండ మీద చలికి నీ కోపం ఒక్కటే సరిపోదు.

అక్క


కొండ మీద క్యాంపు,
బుధవారం

అక్కకి,

అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

భోజనాల షెడ్డులో అందరూ బంగాళదుంపలు ఒలుచుకుంటున్న వేళ, పెద్దమేడంని నిలబెట్టి అడిగాను. "మేడం, నిప్పు ఎప్పుడు తగులుతుంది?" ఆవిడ పొయ్యి వైపు చూసి, "టీ కాగాక ఆర్పేస్తారు బాబూ" అంది. షెడ్డు షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిప్పు సముద్రం గురించి నేను చదివిందంతా గడగడా అప్పజెప్పాను.

ఆవిడ ఎగతాళి చేయలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. కూర్చోమని, ఒలిచిన దుంప ఒకటి చేతిలోకి తీసుకుని చెప్పింది. సముద్రమేమీ లేదట. ఆ దుంప లోపల్లాగే కింద వెయ్యి మైళ్ళకి పైగా గట్టిరాయేనట. పైనున్న చుక్కలరాయి ఒక పొర, దాని కింద ఆకుపచ్చ రాయి ఇంకో పొర. పుట్టుకలు వేరు, బరువులు వేరు. అయినా రెండూ అతుక్కుని, ఒక్కటే బిగిసిన పెచ్చుగా ఉంటాయట. దాన్నే శిలావరణం అంటారట. మందం ఎంతనుకున్నావు? ఇక్కడి నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణమంత! గుడ్డు పెంకు అని రాసిన నా చేతిని ఏం చేయాలి? ఆ పెచ్చు పెద్దపెద్ద ఫలకాలుగా పగిలి ఉంటుందనీ, వాటి కింద రాయి బాగా వేడెక్కి, కరక్కుండానే, గట్టిగా ఉంటూనే, మెల్లగా పారుతుందనీ, పైనున్న ఫలకాలూ కదులుతూనే ఉంటాయనీ చెప్పింది.

"ఎంత వేగంగా?" అన్నాను, ఇంకా ఆశ చావక.

"నీ గోళ్ళు పెరిగేంత వేగంగా" అంది.

అక్కా, నాకు భూమి మీదే కోపం వచ్చింది. ఇంత లావు పెచ్చు ఉన్నప్పుడు కనీసం కాస్త చురుగ్గా కదలొద్దూ?

మర నడిపేది ఒక పెద్దాయన. అందరూ బాబాయ్ అంటారు. మాటలు తక్కువ. నా మొహం చూసి, "గోళ్ళు కొరుక్కోకు, భూమి ఆగిపోతుంది" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆయనతో నాకు పడదని అప్పుడే తేలిపోయింది.

కొసరు: పెట్టెల తాత కూతురికి పురుడొచ్చి ఊరికి వెళ్ళాడు. పెట్టెలన్నీ ఇప్పుడు నా ఒక్కడి చేతి మీదే. ఇక చూడు నా తడాఖా.

నీ తమ్ముడు


ప్రెస్సు, మేడ మీద గది,
సోమవారం

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. అబద్ధం. నవ్వాను. మీ బావ అయితే అప్పటి నుంచి ఎవరు తొందరపెట్టినా గోళ్ళు చూపిస్తున్నాడు. పెళ్ళి కార్డులాయన నిన్న విసుక్కుని వెళ్ళిపోయాడు.

ఇక కాస్త గట్టి మాట. మేడం చెప్పింది నీకు నచ్చకపోయినా నాకు పూస గుచ్చినట్టు రాశావు చూడు, దుంపతో సహా. నీ కరపత్రంలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదురా. అందులో అరుపులున్నాయి, దుంప లేదు.

కోప్పడకు. కోప్పడినా ఉన్ని చొక్కా వేసుకుని కోప్పడు.

అక్క


కొండ మీద క్యాంపు,
శుక్రవారం

అక్కకి,

ఇక్కడ అన్యాయం జరుగుతోంది. నేను ఊరుకోలేదు.

మొదటి నుంచీ చెబుతాను. తాత వెళ్ళాక పని నేను నా పద్ధతిలో దిద్దుకున్నాను. పెట్టెల షెడ్డులో పొడుగు బల్ల ఉంది. తాత తలుపువైపు కూర్చునేవాడు. ఆ వైపు ఎండ మొహాన కొట్టి రాతి రంగు తెలిసేది కాదు. నేను బల్ల అవతలికి, గోడవైపు నీడలోకి మారాను. అక్కడ హాయిగా ఉంది. ఎదురుగా పెట్టె నంబరు, దాని వెనక తలుపు, తలుపులోంచి కొండ. మేడం తలుపు దగ్గర నిలబడితే నంబర్లన్నీ ఆవిడకి సూటిగా కనిపిస్తాయి. తాతకన్నా రెట్టింపు వేగంగా పేరుస్తున్నాను. బాణాలు అన్నీ అయ్యాక ఒకేసారి గీయొచ్చని వదిలేశాను. ఒక్క ముక్క కూడా చెదరలేదు.

అంత జాగ్రత్తగా చేస్తే నిన్న ఏమైందో విను. పెద్దమేడం కొత్త పెట్టెలన్నీ వరసగా పెట్టించి చూసింది. చూసేకొద్దీ మొహం వాడిపోయింది. ఒక పెట్టె చివరి ముక్కకీ, తరవాతి పెట్టె మొదటి ముక్కకీ అతకడం లేదు. ఏ రెండు పెట్టెలూ కలవడం లేదు. రాతిలో పోయే తెల్ల చార ఒక పెట్టెలో ఇటు పోయి, తరవాతి పెట్టెలో ఇంకెక్కడో తేలుతోంది. దానికితోడు చుక్కలరాయి అయిపోయి ఆకుపచ్చ వచ్చిందని సంతోషించేలోపు, మళ్ళీ చుక్కలరాయి, మళ్ళీ ఆకుపచ్చ. "ఇది అతుకు కాదు. ఇక్కడ నేలంతా నలిగిపోయినట్టుంది. మధ్యలో ముక్కలు కూడా పోయాయి. ఈ బొక్క మీద ఆశ వదులుకోవాలి" అంది. గొంతు మామూలుగానే ఉంది కానీ కళ్ళజోడు తీసి తుడిచింది. అందరి గుండెల్లోనూ రాయి పడింది.

ముక్కలు ఎలా పోతాయి అక్కా? పెట్టెల దగ్గర పోలేదు, అక్కడున్నది నేను. అంటే మర దగ్గరే పోయాయి. వానలొచ్చేలోపు లోతుకి పోవాలని బాబాయ్ మరని తొందరపెట్టి రాయిని పిండి చేసేశాడు. నాకు పట్టపగల్లా కనిపిస్తోంది. ఇంతమంది కష్టం ఒక్కడి తొందరకి బలి కావాలా? భోజనాల షెడ్డు గోడ మీద ఎర్ర సిరాతో పెద్దక్షరాలు రాసి అంటించాను: 'తొందర ఎవరిది? నష్టం ఎవరిది? మర దగ్గర జవాబు చెప్పాలి!'

బాబాయ్ చదివాడు. టీ గ్లాసు తీసుకుని వెళ్ళి మర పక్కన కూర్చున్నాడు. జవాబు లేదంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా?

వచ్చే వారం సామాన్లు సర్దడం మొదలుపెడతారట.

నీ తమ్ముడు


ప్రెస్సు, కింద మర పక్కనే నిలబడి,
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం అందగానే కూర్చోకు, నిలబడే చదువు. చదివి పరుగెత్తు.

నీ మొదటి ఉత్తరం నా ముందుంది, మొన్నటి ఉత్తరమూ ఉంది. మొదటిదాంట్లో తాత ఏమన్నాడు? 'నంబరు వేసిన అంచు నీ పొట్టకి తగలాలి' అన్నాడు. మొన్న నువ్వేం రాశావు? 'ఎదురుగా పెట్టె నంబరు, దాని వెనక తలుపు' అని రాశావు. అంటే నంబరు నీ పొట్టవైపు లేదురా. బల్లకి అవతల ఉంది. నీకు తలకిందులుగా కనిపిస్తోంది.

ఇంకెవరైనా అయితే మొదటి పెట్టెకే 'ఇదేంటి, అంకె తిరగబడి ఉంది' అనుకునేవాళ్ళు. నువ్వు అనుకోవు. నాలుగేళ్ళు ప్రతిరోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కూర్చిన సీసపు అక్షరాలని తలకిందులుగానే చదివావు. సరిగ్గా ఉన్న కాగితం కన్నా తిరగబడ్డ అచ్చే నీకు తేలిక. వీధిలో బోర్డు ఊడి తలకిందులుగా వేలాడితే ఆగకుండా చదువుకుంటూ పోయేవాడివి నువ్వొక్కడివే. మొదటి ముక్క నీ ఎడమచేతి పై మూల పెట్టావు. తలుపు దగ్గర నిలబడ్డ మేడంకి అది కుడిచేతి కింది మూల. పెట్టె మొత్తం చివరి నుంచి మొదటికి పేర్చావురా నాయనా! లోపలి ముక్కలన్నీ ఒకదానికొకటి బాగానే అతుకుతాయి. పెట్టెకీ పెట్టెకీ మధ్యే అతకవు. నువ్వు రాసింది అదే కదా?

నాకు రాళ్ళ గురించి ఒక్క అక్షరం తెలియదు. నీ గురించి తెలుసు.

గోడ మీద అంటించింది ముందు చింపు. కాదు, చింపకు. ముందు పెట్టెలు తిప్పు.

అక్క


కొండ మీద క్యాంపు,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి పెట్టెలు లారీ ఎక్కించడానికి తాళ్ళు కడుతున్నారు. నిలబడే చదివాను. మర్నాటి దాకా దాచి, నేను ఒక్కడినే చూసుకుని, తరవాత మెల్లగా చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గురించి సిగ్గుపడుతున్నాను. తరవాత పరుగెత్తాను.

"మేడం, పెట్టెలు తిప్పాలి" అన్నాను. "ఎటు?" అంది ఆవిడ. నీ ఉత్తరం చేతికిచ్చాను. ఆవిడ చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివి, "పట్టండి అందరూ" అంది. తాత వెళ్ళిన రోజు తరవాతి పెట్టెలన్నీ నేల మీద వరసగా పరిచి, ఒక్కొక్కటీ ఇద్దరేసి పట్టుకుని తిప్పాం. మొదటి రెండు పెట్టెలకే బాబాయ్ వంగి, ఇటు ముక్కా అటు ముక్కా తీసి ఒకదానికొకటి ఆనించాడు. టక్కుమని అతుక్కున్నాయి. తెల్ల చార ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి తాడు లాగినట్టు సాగిపోయింది.

చివరికి రాయి రంగు మారే పెట్టె దగ్గరికి వచ్చాం. అందులో నాలుగో వరస దాకా చుక్కలరాయి. ఐదో వరస సగం నుంచి ఆకుపచ్చ. ఆ తరవాత పెట్టెలన్నీ ఆకుపచ్చే, ఎక్కడా తెల్ల చుక్క లేదు. నలగలేదు, చెదరలేదు, పోలేదు. అతుకు ఎప్పుడో దొరికింది అక్కా! దాన్ని తలకిందులు చేసి దాచిపెట్టింది నేను. పెద్దమేడం నేల మీదే చతికిలబడి ఆ ఒక్క ముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఈల వేశారు. తరవాత అందరూ వేశారు.

ఇక నా సంగతి. బాబాయ్ దగ్గరికి వెళ్ళి తల దించుకుని, తప్పయిందన్నాను. ఆయన మరకి గ్రీజు పూస్తూనే, "నాకొక్కడికి చెబితే ఎలా? గోడకి కూడా చెప్పు" అన్నాడు.

అందుకని ఇంకో కాగితం రాశాను. ఎర్ర సిరాతోనే. 'తొందర నాది. మర దగ్గర ఒక్క ముక్క పోలేదు. బాబాయ్ చేతికి నా దండం.' రాసి అంటించబోతే కుర్రకారంతా లాక్కున్నారు. తలకిందులుగా అంటించారు. "ఇప్పుడు చదువు, నీకు తేలికేగా" అన్నారు. అక్కా, ఒట్టు, నేను తడుముకోలేదు. మొదటి నుంచి చివరి దాకా గడగడా చదివేశాను. బాబాయ్ అంతవరకు పళ్ళు బిగపట్టుకుని ఉన్నవాడు 'నా దండం' దగ్గర పకాలున నవ్వాడు. టీ గ్లాసు ఒలికిపోయింది. ఆ గ్లాసు మళ్ళీ నింపి తెచ్చింది నేనే.

క్యాంపు ఎత్తడం లేదు. వానలు తగ్గాక ఇంకా లోతుకి పోతాం. తాత తిరిగొచ్చాడు, మనవరాలు పుట్టింది. అంతా విని, "వారం నేర్పుతానంటే ఒక పూట చాలన్నావు" అన్నాడు. షెడ్డులో బల్ల నా వైపు అంచు మీద సుద్దతో రాశాడు: నంబరు పొట్టవైపు.

కరపత్రం మళ్ళీ రాశాను. దీంతో పంపుతున్నాను. నిప్పు సముద్రం లేదు. దుంప ఉంది. చుక్కలరాయీ ఆకుపచ్చ రాయీ వేరువేరుగా పుట్టి, ఒకటిగా అతుక్కుని, కలిసి కదలడం ఉంది. గోళ్ళు కూడా ఉన్నాయి. కోపం కూడా కాస్త ఉంది, అది తీసేయమని అడక్కు. బావ వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు. ఆయన్ని బతిమాలను.

విడిగా చిన్న పొట్లం వస్తుంది. సరిగ్గా అతుకు దగ్గర మేడం కోయించి ఇచ్చిన ముక్క. సగం చుక్కలు, సగం ఆకుపచ్చ. దాని మీద బాణం గీశాను. బాణం మొన కిందికి ఉండాలి. మర్చిపోకు.

నీ తమ్ముడు


ప్రెస్సు, మేడ మీద గది,
శనివారం

ఒరేయ్ అగ్గిపుల్లా,

కరపత్రం అచ్చయింది. ప్రతి ఒకటి ఇందులో పెట్టాను. అక్షరాలన్నీ మీ బావే కూర్చాడు, ఒక్క తప్పు లేకుండా. పళ్ళపొడికి చూపించని శ్రద్ధ నీకు చూపించాడు. ఊళ్ళో కుర్రాళ్ళు వచ్చి పట్టుకుపోతున్నారు. నిన్న ఒకడు దుంప పట్టుకుని ఇంకొకడికి శిలావరణం చెబుతుంటే మన గుమ్మం ముందే విన్నాను.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. నీ మొదటి కరపత్రం వద్దన్నది మీ బావ కాదురా, నేను. ఆయన అప్పటికే నీకు తెలియకుండా సగం కూర్చేశాడు. "కుర్రాడు సరదాపడ్డాడు, వేసేద్దాం" అన్నాడు. నేనే ఆపి, కూర్చిన అక్షరాలన్నీ మళ్ళీ అక్షరాల అర గళ్ళలోకి విప్పించాను. నేలని చూడనివాడు నేల గురించి రాయకూడదనిపించింది. నీకు చెబితే నా మీద కోపం తెచ్చుకుని నాతో మాటలు మానేస్తావు. అందుకని, "నా పేరే చెప్పు, నా వీపు వెడల్పు, ఎన్ని తిట్లయినా మోస్తుంది" అని ఆయనే అన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు తిట్టిన తిట్లన్నీ నా వెనక నిలబడి చదివి నవ్వుకున్నాడు. ఇంకో కాగితం రాయాలనిపిస్తే రాయి. మా గోడ కూడా ఖాళీగానే ఉంది.

పొట్లం అందింది. ఎంత అందమైన రాయి! ప్రూఫు కాగితాలు ఎగరకుండా మీ బావ దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు. బాణం మొన పైకి పెట్టాడు. నేను చెప్పలేదు. చెప్పను కూడా.

వానలు మొదలయ్యాక మీకు పని ఉండదు కదా. నువ్వే వచ్చి, నీ చేత్తో తిప్పు.

అక్క